చెట్టుకు మరొక్క ఏడు



నిరుడు క్రొత్త క్యాలెండరు మీద ఎర్రని కాయలతో నిండిన ఆపిల్ చెట్టు బొమ్మ చూచి, మా ఇంటి చిన్నది "ఇది మన పెరట్లో ఎందుకు వేయలేదు?" అని అడిగింది. ఆపిల్ చెట్టుకు గట్టి చలి కావాలమ్మా, కాశ్మీరులోను హిమాచల్ ప్రదేశ్‌లోను చలికాలమంతా ఆకు రాల్చి నిద్రపోయి, ఎండ తగలగానే పూస్తుంది అని చెప్పాము. ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు అంత చలి ఎక్కడిది? మనకు ఆ స్థానంలో ఉన్నది మామిడి అన్నాము. "మరి మన మామిడి ఎందుకు కాయడం లేదు?" అని అది వెంటనే అడిగింది. మాకు జవాబు దొరకలేదు.

ఆ చెట్టు మా అమ్మ నాటినది. కడియం నుంచి బంగినపల్లి అంటు తెచ్చి, పెరట్లో స్నానాల గది ప్రక్కన పెట్టింది. తొలి కాపు చూడకుండానే ఆమె ప్రభువు నొద్దకు వెళ్ళిపోయింది. తరువాత రెండు ఏండ్లు కాసి, నాలుగేండ్లుగా ఆకు తప్ప కాయ లేదు. ఆ చోట పశువుల పాక వేద్దామని, మనసు ఒప్పకపోయినా, చెట్టు కొట్టించడానికి నిశ్చయించుకున్నాము.

వచ్చిన పెద్దాయన చింతలపూడి మెట్ట తోటలలో చాలాకాలం పనిచేసినవాడు. గొడ్డలి ప్రక్కన పెట్టి చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "తప్పు చెట్టుది కాదండీ, మీది" అన్నాడు. ఆ రోజు ఆయన చెప్పినది, తరువాత మేము తెలిసినవారిని అడిగి నేర్చుకున్నది మీకు కూడా పనికి వస్తుందని వ్రాస్తున్నాము.

మొదటి తప్పు నీళ్ళు. స్నానాల నీరు ఏడాది పొడుగునా ఆ పాదులోకే పోయేది. మామిడి పూయాలంటే పూతకు ముందు రెండు మూడు నెలలు వేరు ఎండాలి. ఆ రోజులలో నీరు తగిలితే చెట్టు పూమొగ్గకు బదులు ఆకు చిగురు వేస్తుంది. కాబట్టి కాపు చెట్లకు అక్టోబరు నుంచి నీరు ఆపవలెను. పిందె బఠాణీ గింజంత అయిన తరువాతనే మరల పెట్టవలెను. అప్పుడు పెట్టకపోతే పిందె రాలుతుంది.

రెండవ తప్పు గుబురు. కొమ్మ మీద కొమ్మ పెరిగి లోపలికి వెలుతురు లేదు. తేనెమంచు పురుగు అటువంటి నీడలోనే దాగుతుంది. అది పూత రసం పీల్చి జిగురు విడిస్తే, దాని మీద మసి పట్టి ఆకులు నల్లబడతాయి. కోత అయిపోయిన తరువాత, జూన్, జూలై నెలలలో, ఎండుకొమ్మలు, లోపలికి పెరిగిన సన్న కొమ్మలు తీసివేయవలెను. అప్పుడే ఎరువు కూడా వేయవలెను. మొదలు దగ్గర కాదు, కొమ్మల అంచు నీడ పడేచోట చుట్టూ త్రవ్వి వేయాలి. ఆహారం తీసుకొనే సన్నవేళ్ళు అక్కడ ఉంటాయి.

మూడవ తప్పు చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఒక ఏడు పూత నల్లబడుతున్నదని, దుకాణంలో ఇచ్చిన రెండు మందులు కలిపి, పూలు విచ్చిన రోజులలో ఉదయం పూట కొట్టాము. సాయంత్రానికి చెట్టు క్రింద తేనెటీగలు చచ్చి పడి ఉన్నాయి. ఆ ఏడు ఒక్క పిందె కట్టలేదు. మామిడి పూతలో పుప్పొడి చేరవేసేవి ఈగలు, తేనెటీగలే. వాటిని చంపుకొని కాయ కోసం ఎదురు చూచాము! మందు అవసరమైతే మొగ్గ దశలో, పూలు విచ్చక ముందే కొట్టవలెను. బూడిద తెగులుకు నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు చాలు. పూర్వం మనము వాడిన కార్బరిల్ పొడిని ప్రభుత్వము 2018లో నిషేధించింది. పాత డబ్బా ఇంట్లో ఉంటే వాడకండి.

కొల్లేటి వైపు ఉన్న సహోదరులకు ఒక మాట. చేపల చెరువు గట్టు మీద చెట్టుకు మందు కొట్టేటప్పుడు గాలి వాటం చూచుకోండి. స్ప్రేయరు చెరువులో కడగకండి; చేపలు పోతాయి. అక్కడి నల్లమట్టిలో నీరు పైకే ఉంటుంది గనుక మామిడి వేరు కుళ్ళుతుంది. నాటాలనుకుంటే ఎత్తుగా దిబ్బ పోసి నాటండి. లేదా కొబ్బరి, జామ వేసుకోండి.

పూత అంతా కాయ కాదని కూడా గుర్తుంచుకోవలెను. వెయ్యి పూలకు ఒక కాయ నిలిచినా చెట్టు నిండినట్టే. పిందెలు రాలితే భయపడకండి. పురుగు పట్టి రాలిన కాయలను మాత్రం ఏరి లోతుగా పూడ్చండి. సందేహముంటే నూజివీడులో మామిడి పరిశోధనా స్థానము ఉన్నది. తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో 2007లో స్థాపించిన ఉద్యాన విశ్వవిద్యాలయము ఉన్నది. ఆకు, పూత కొమ్మ పట్టుకొని వెళ్ళి అడగండి.

కొట్టివేయమన్న అంజూరపు చెట్టు కోసం తోటమాలి మరొక్క సంవత్సరం గడువు అడిగిన ఉపమానము మనమందరము ఎరిగినదే. ఎన్నోసార్లు విన్నాము గాని ఒక సంగతి మేము గమనించలేదు. అతడు ఊరకే గడువు అడగలేదు. చుట్టూ త్రవ్వుతాను, ఎరువు వేస్తాను అన్నాడు. మేము నాలుగేండ్లు ఎదురు చూచాము గాని ఒక్క పార కూడా వేయలేదు.

పెద్దాయన గొడ్డలి తీసుకొని వెళ్ళిపోయాడు, కూలి కూడా పుచ్చుకోలేదు. స్నానాల నీటికి వేరే కాలువ తీశాము. కొమ్మలు తీయించాము, ఎరువు వేశాము. ఇది వ్రాస్తున్న వేళ చెట్టు మీద గోలీకాయంత పిందెలు ఉన్నాయి. చిన్నది రోజూ లెక్క పెడుతున్నది. నిన్నటికి నలభై ఒకటి. ఎన్ని నిలుస్తాయో తెలియదు. మొదటి పండు మాత్రం పెద్దాయన ఇంటికి పంపాలని అనుకున్నాము.