తాళం వేస్తే చాలదు

పదకొండు నెలల అగ్రిమెంటు ముగియగానే యజమాని ఇంటికి తాళం వేసుకోవచ్చన్న ఆదివారం వ్యాసం పొరపాటు. ఆ పదకొండు నెలల లెక్క రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పించుకోవడానికి పుట్టిందే తప్ప గెంటేసే అధికారంగా కాదు. గడువు తర్వాతా యజమాని అద్దె పుచ్చుకుంటుంటే, 1882 ఆస్తి బదలాయింపు చట్టం ప్రకారం సాధారణంగా అది నెలవారీ అద్దె అవుతుంది. 15 రోజుల ముందు రాతపూర్వక నోటీసివ్వాలి. అప్పటికీ ఖాళీ చేయకపోతే దారి కోర్టే. ఫ్యూజు పీకేయడం, మోటారు ఆపేయడం, గిన్నెలూ పిల్లల పుస్తకాల సంచులూ మెట్ల మీద పడేయడం ఏ చట్టంలోనూ లేవు. బలవంతంగా వెళ్లగొడితే 1963 నిర్దిష్ట ఉపశమన చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేసి ఇంటిని తిరిగి స్వాధీనం చేసుకోవచ్చు.

పిల్లల చదువు ఊసే వ్యాసంలో లేదు. ఇల్లు మారి బడి మారాల్సివస్తే, టీసీ ఆలస్యమైందన్న సాకుతో ప్రభుత్వ బడిలో ప్రవేశం నిరాకరించకూడదని 2009 విద్యా హక్కు చట్టం 5వ సెక్షన్ చెబుతోంది.

– ఒక పాఠకురాలు, వరంగల్