ఉద్యోగినుల సందేహములు: ఆఫీసు డేటాబేసు

ఆఫీసులలో కొలువు చేయు సోదరీమణులకు మైక్రోసాఫ్ట్ యాక్సెస్ విషయమున తఱచుగా గలుగు సందేహములకు ఈ నెల సమాధానములు వ్రాయుచున్నాము. ఈ సాధనము 1992వ సంవత్సరమున వెలువడినది; చిన్న ఆఫీసులు పెక్కింటిలో నేటికిని వాడుకలో నున్నది.

ప్రశ్న: ఎక్సెల్ ఉండగా యాక్సెస్ ఏల?

జవాబు: ఒక్కరు వ్రాసికొను చిట్టాకు ఎక్సెల్ చాలును. కూలీల విలాసములు, పనిదినములు, చెల్లించిన కూలి కలిపి వ్రాయవలసినప్పుడు మాత్రము ఒకే విలాసము పలుచోట్ల వ్రాయవలసి వచ్చును. ఒకచోట దిద్ది వేఱొకచోట మఱచినచో ఏది నిజమో తెలియదు. యాక్సెస్‌లో విలాసము నొక్క పట్టికలోనే వ్రాసి, తక్కిన పట్టికలను దానితో ముడివేయవచ్చును.

ప్రశ్న: పేరుండగా ప్రతివారికిని సంఖ్య యెందులకు?

జవాబు: ఒకే యూర నిద్దఱు లక్ష్మమ్మ లుండుట వింత కాదు గదా! పేరును నమ్మి లెక్క వ్రాసినచో నొకామె కష్టార్జితము వేఱొకామె ఖాతాలో జేరవచ్చును. కావున ఒకరి కిచ్చినది మఱియొకరికి రాని సంఖ్య యుండవలయును. దీనిని ప్రైమరీ కీ యందురు. ఆటోనంబరు అని యేర్పఱచినచో యాక్సెసే దానిని వేయును. నడుమ నొక సంఖ్య లోపించినను కలత వలదు. అది గుర్తు కొఱకే గాని లెక్కించుటకు గాదు.

ప్రశ్న: పాత వివరములు తొలగించినను ఫైలు తగ్గదేల?

జవాబు: తొలగించినంతనే వాని చోటు ఖాళీ కాదు. ముందు నకలు తీసి, అందఱును ఫైలు మూసిన పిమ్మట కంపాక్ట్ అండ్ రిపేర్ నడిపింపుడు. ఫైలు 2 గిగాబైట్లను మించరాదని యెఱుగుడు.

ప్రశ్న: నలుగురము ఒకే ఫైలు తెఱచి పనిచేయుచుందుము. అది చెడినప్పుడెల్ల నింద మాపై బడుచున్నది. ఏమి చేయుదుము?

జవాబు: పట్టికలను ఒక ఫైలుగా ఆఫీసు సర్వరుపై నుంచి, ఫారములు, రిపోర్టులు గల రెండవ ఫైలు నకలును ఎవరి కంప్యూటరులో వారికి ఉంచవలయును. వ్రాయుచుండగా వైఫై తెగినచో ఫైలు చెడవచ్చును గనుక కేబులు మేలు. లోపము ఏర్పాటులో నుండగా వ్రాయు చేతిని నిందించుట న్యాయము గాదు. ఈ మాట పై యధికారితో వినయముగానే, వెఱవక చెప్పుడు.

ప్రతిదినము పని ముగియగానే తేదీ వేసి నకలు తీసి, వేఱొక చోట దాచుడు. నెలకొకసారి దానిని తెఱచి చూడుడు. పొయ్యి ఆర్పినదీ లేనిదీ చూచికొనక నిద్రింపని మన సోదరీమణులకు ఈ యలవాటు కష్టమా?