కారు మీది, సంతకం మీది, కమీషన్ ఎవరిది?



ఈ పోస్టు రవంత పొడుగు. కాఫీ పెట్టుకొని కూర్చోండి. కోపం వస్తే మాతోనే మాట్లాడండి, వేరే గ్రూపులో కాదు. 'మేము' అంటే మా ఇంటివాళ్ళం, మా వీధిలోనే ఉన్న ఇంకో మూడు రైల్వే రిటైర్డు కుటుంబాలవాళ్ళం. నలుగురం కూర్చొని మాట్లాడుకొని రాస్తున్నాం. మా చదువంతా తమిళ మీడియం. తెలుగు అక్షరాలు యాభై దాటాక మన సంఘం తరగతిలోనే దిద్దుకున్నాం. భాషలో తప్పులుంటే సర్దుకోండి. విషయంలో తప్పుంటే మాత్రం సర్దుకోవద్దు, నిలదీయండి.

గత ఆదివారం కమిటీ ముందుకు ఒక తీర్మానం వచ్చింది. ఒక కార్ల షోరూము మన ఉగాది పండుగకు పందిరి ఖర్చు భరిస్తుందట. సంఘ సభ్యుడు మొదటి కారు కొంటే పదివేల రూపాయల సామాన్లు, అంటే సీటు కవర్లు, మ్యాట్లు వగైరా ఊరికే ఇస్తారట. కారుకు ఐదువేలు లెక్కన సంఘ భవన నిధికి కూడా ఇస్తారట. దానికి బదులు రెండే రెండు అడిగారు. మన సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్ల పట్టిక ఒకటి. ఇన్సూరెన్సు వాళ్ళ దగ్గరే తీసుకోవాలన్నది రెండోది. హాలులో చప్పట్లు మోగాయి. మేము నలుగురం చప్పట్లు కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో అప్పుడు చెప్పడానికి టైము ఇవ్వలేదు గనుక ఇక్కడ చెప్తున్నాం.

ముందు మా తెలివితక్కువ కథ. 2021 అక్టోబరులో మా ఇంట్లో మొదటి కారు కొన్నాం. లీటరు ఇంజను చిన్న బండి. రిటైర్మెంటు దుడ్డులో మిగిలిన దానితో, ఇంట్లో ఆడవాళ్ళు ఎండలో బస్సు కోసం నిలబడకుండా ఉండాలని. షోరూములో ఉన్న అబ్బాయి మన భాషే మాట్లాడాడు. హోసూరు పక్క వాళ్ళట. "తాతా, మీరు కూర్చోండి, నేను చూసుకుంటాను" అన్నాడు. ఇక చూడాలా? మన తమిళ స్నేహితులు "నమ్మ ఆళు" అంటారు, మనం "మనోడే" అంటాం. రెండింటి ఖరీదూ ఒకటే అని తర్వాత తెలిసింది.

ఇన్సూరెన్సు 29,400 అన్నాడు. ఎక్కువ కాదా అని అడిగితే "హైకోర్టే ఐదేళ్ళకు బంపర్ టు బంపర్ తప్పనిసరి అని చెప్పింది తాతా, పేపర్లో చూడలేదా" అన్నాడు. చూశాం. ఆ ఏడాది ఆగస్టులో మద్రాసు హైకోర్టు అలాంటి ఆదేశం ఇచ్చిన మాట నిజం. సెప్టెంబరు 1 నుంచి అమలు అన్నారు. కానీ ఆ సెప్టెంబరులోనే కోర్టు తన ఆదేశాన్ని తానే వెనక్కి తీసుకుంది. ఆ రెండో వార్త మేము చదవలేదు. చదివిన వాడు మాకు చెప్పలేదు. సంతకం పెట్టాం. అదే వారంలో పక్కింటివాళ్ళు అదే మోడలు కొని, వేరే కంపెనీలో తామే పాలసీ తీసుకున్నారు. వాళ్ళకైనది 18,200. పైగా వాళ్ళ పాలసీలో ఇంజను కవరు ఉంది, మాదాంట్లో లేదు.

ఇంకో ముచ్చట. కారు ఇంటి పెద్ద పేరు మీద ఉండాలని రిజిస్ట్రేషను మా పేరునే చేయించాం. మాకేమో డ్రైవింగు లైసెన్సు లేదు, నడిపేది కొడుకు. అయినా ఓనర్ డ్రైవర్ ప్రమాద బీమా అని 15 లక్షల కవరుకు దుడ్డు కట్టించుకున్నారు. ఆ కవరు బండి ఎవరి పేరున ఉందో వాళ్ళకే, అదీ చెల్లే లైసెన్సు ఉంటేనే. లైసెన్సు లేని మాకు దాంతో ఏం పని? నడిపే కొడుకుకు అది రాదు. మన ఇళ్ళలో నాన్న పేరున కారు, కొడుకు చేతిలో స్టీరింగు మామూలే. ఎంతమంది ఇలా కట్టి ఉంటారో మీ పాలసీ కాగితాలు తీసి చూసుకోండి.

మేము ఉద్యోగమంతా పార్సిల్ ఆఫీసులో చేసినవాళ్ళం. మాకు సిగ్గు ఎక్కడంటే, ఇదే పాఠం ఇంకొకరికి ముప్పై ఏళ్ళు చెప్పాం. పార్సిల్ బుక్ చేయడానికి వచ్చినవాడికి ఫార్వర్డింగ్ నోటు ఇచ్చి, "విలువ రాయండి, శాతం చార్జీ కట్టండి, లేకపోతే సరుకు పోతే కిలోకు 50 రూపాయల లెక్కనే వస్తుంది" అని గొంతు పోయేలా చెప్పేవాళ్ళం. పట్టుచీరల మూటకు కూడా విలువ రాయకుండా పోయేవాళ్ళు. మూట పోతే మా కిటికీ దగ్గర ఏడ్చేవాళ్ళు. ఆ నోటులో వాళ్ళ సంతకమే ఉండేది. షోరూములో మేమూ అదే పని చేశాం.

ఇప్పుడు లెక్కకు వద్దాం. కొత్త కారు ఇన్సూరెన్సులో రెండు భాగాలు. ఒకటి థర్డ్ పార్టీ. మన బండి వల్ల ఎదుటివాడికి నష్టం జరిగితే ఇచ్చేది. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఇది లేకుండా రోడ్డెక్కకూడదు. ఎక్కితే మొదటిసారి 2,000 జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు, రెండూ కూడా పడవచ్చు. సుప్రీంకోర్టు చెప్పిన మీదట 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త కారుకు ఒకేసారి మూడేళ్ళకు కట్టాలి. ఆ కేసు వేసింది కోయంబత్తూరు ఎముకల డాక్టరు ఎస్. రాజశేఖరన్ గారు. మన పక్కవారే గనుక చెప్తున్నాం. దీని ధర ప్రభుత్వం నిర్ణయించేది. 2022 జూన్ నుంచి ఉన్న పట్టిక ప్రకారం మూడేళ్ళకు 1000 సీసీ లోపు కారుకు 6,521 రూపాయలు, 1500 సీసీ దాకా 10,640, ఆపైన 24,596. దీని మీద జీఎస్టీ. ఏ కంపెనీలోనైనా ఇదే ధర. ఇందులో ఎవడూ మనకు తగ్గించేది లేదు, పెంచేదీ లేదు.

రెండోది మన బండికే జరిగే నష్టానికి, ఓన్ డామేజ్. షోరూము వంట అంతా ఈ పొయ్యి మీదే. దీని ధర కంపెనీకో తీరు. దీని పక్కన జీరో డిప్రిసియేషను, ఇంజను, తాళంచెవి, లగేజీ అని తోకలు తగిలిస్తారు. తొమ్మిదివేలకు వచ్చేది పదహారువేలకు అమ్మడానికి చోటు ఇక్కడుంది. భవన నిధికి ఇచ్చే ఐదువేలు కూడా ఇక్కడినుంచే వస్తాయి. షోరూము యజమాని తన జేబులోంచి ఇస్తాడని ఎవరైనా నమ్ముతున్నారా? మన పిల్లల దగ్గర పదివేలు ఎక్కువ లాగి, అందులో ఐదువేలు మన భవనానికి తిప్పి ఇచ్చి, గోడమీద వాళ్ళ పేరు రాయించుకుంటారు. దానికంటే సభ్యుల దగ్గర నేరుగా చందా అడగండి. మేమే ముందు ఇస్తాం.

దుడ్డు పోతే పోయింది. దుడ్డు ఎక్కువ కట్టినా కావలసిన కవరు ఉండకపోవడమే అసలు కడుపుమంట. మా మేనల్లుడు 2023లో మొదటి కారు కొన్నాడు, వేళచ్చేరిలో ఫ్లాటు. పూజ బ్రహ్మాండంగా చేశాం. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు, దిష్టి గుమ్మడికాయ, కర్పూరం. మంచి నంబరు కోసం వేరే ఖర్చు. పాలసీ కాగితం మటుకు ఎవరూ విప్పలేదు. ఆ డిసెంబరులోనే మిచౌంగ్ తుఫాను. బేస్‌మెంటులో కారు బానెట్ దాకా మునిగింది. నీళ్ళు దిగాక వాడు ఆత్రంగా స్టార్టు బటన్ నొక్కాడు. ఇంజనులోకి నీళ్ళు లాగింది. కంపెనీవాళ్ళు వచ్చి చూసి, వరదకు కవరు ఉంది గనుక సీట్లకు, వైరింగుకు ఇస్తామన్నారు. ఇంజను మాత్రం నీళ్ళలో స్టార్టు చేయడం వల్ల పోయింది గనుక, ఇంజను కవరు తీసుకోలేదు గనుక, రాదన్నారు. వాడి పాలసీలో ఏమున్నాయో చూశాం. తాళంచెవి పోతే ఇస్తారు. కారులో పెట్టిన సంచి పోతే ఇస్తారు. ఇంజను పోతే ఇవ్వరు. 2015లో మునిగిన ఊరిలో, చెన్నైలో, ఇంజను కవరు లేకుండా తాళంచెవి కవరు అమ్మినవాడిని ఏమనాలి? 'మనోడు' అనాలా?

అందుకని చెప్తున్నాం. బండి నీళ్ళలో మునిగితే స్టార్టు చేయొద్దు. ఫోటో తీసి, కంపెనీకి ఫోన్ చేసి, తోయించుకొని పోండి.

జీరో డిప్రిసియేషను గురించి కమిటీలో ఒకాయన "అదొక దండగ" అన్నారు. మొదటి కారుకు, కొత్తగా నడిపేవాళ్ళకు దండగ కాదు. అది లేకపోతే బంపరు లాంటి ప్లాస్టిక్కు, రబ్బరు సామాన్లకు మొదటిరోజు నుంచే సగమే ఇస్తారు. సగం మనం పెట్టుకోవాలి. కొత్తగా నేర్చినవాడు ముందు గుద్దేది బంపరే కదా. ఇంకోటి ఐడీవీ. బండి పూర్తిగా పోయినా, దొంగిలించినా ఇచ్చే మొత్తం అదే. కొత్త బండికి షోరూము ధరలో 95 శాతం. మనం కట్టిన లైఫ్ టాక్సు అందులోకి రాదు. తమిళనాడులో 2023 నవంబరు నుంచి 5 లక్షలు దాటి 10 లక్షల లోపు కారుకు అది 13 శాతం. అది కూడా రావాలంటే రిటర్న్ టు ఇన్వాయిస్ అని వేరే కవరు ఉంది. ప్రీమియం తగ్గిస్తామని ఐడీవీని కిందికి దించేవాళ్ళూ ఉన్నారు. పట్టుచీరల మూట గుర్తుంచుకోండి.

దీనికి వ్యతిరేకంగా కొందరు ఉత్త థర్డ్ పార్టీ చాలు, కోర్టు అడిగేది అదే కదా అంటారు. వాళ్ళకు ఒక్క ప్రశ్న. మీరు కారు కొన్న నెలలోనే ఇంటిల్లిపాదినీ ఎక్కించుకొని తిరుపతికి పోతారా లేదా? ఉత్త థర్డ్ పార్టీ పాలసీలో సొంత కారులో కూర్చున్నవాళ్ళకు కవరు లేదు. మీ వెనక సీటులో ఉన్న అత్తకు, వదినకు ఏమైనా ఐతే ఆ పాలసీ చూడదు. ప్యాకేజీ పాలసీలో అయితే వాళ్ళకూ ఉంటుంది. రెండు మూడు వేలు మిగలడం కోసం ఆ పని చేయకండి. మేము షోరూమును తిడుతున్నామని ఇన్సూరెన్సునే తిడుతున్నట్టు చదవకండి.

కమిటీవాళ్ళ మాటలో న్యాయం లేదనం. షోరూము పాలసీ అయితే వాళ్ళ గ్యారేజీలోనే క్యాష్‌లెస్ సులభం, కాగితాలు వాళ్ళే చూసుకుంటారు, వయసైనవాళ్ళకు తిరుగుడు తప్పుతుంది. నిజమే. కానీ ఒక గ్యారేజీలో ఒకే కంపెనీకి క్యాష్‌లెస్ ఉండదు. "మీ దగ్గర ఏయే కంపెనీలకు క్యాష్‌లెస్ ఉంది" అని సర్వీసు కౌంటరులో అడగండి, సేల్సు కౌంటరులో కాదు. ఆ కంపెనీల్లోనే బయట ధర అడగండి. షోరూములు ఇన్సూరెన్సు అమ్మడానికి 2017 నుంచి ఐఆర్‌డీఏఐ నియమాలు ఉన్నాయి. తమ దగ్గరే తీసుకోవాలని కొనేవాడిని బలవంతపెట్టే హక్కు వాళ్ళకు లేదు. చట్టం వాళ్ళకు ఇవ్వని హక్కును మన సంఘం తీర్మానం చేసి ఇస్తుందా? మేము ఒప్పుకోనిది ఇదే.

మాలాగా ఇప్పటికే సంతకం పెట్టినవాళ్ళు దిగులు పడకండి. థర్డ్ పార్టీ మూడేళ్ళకు అయినా, ఓన్ డామేజ్ ఒక ఏడాదికే అయితే, రెండో ఏడు ఆ భాగం వరకు వేరే కంపెనీకి మారవచ్చు. మేమలాగే మారాం. మొదటి ఏడు క్లెయిము చేయకపోతే ఆ భాగంలో 20 శాతం తగ్గింపు, అలా ఐదేళ్ళకు 50 శాతం దాకా పోతుంది. అది బండిది కాదు, మనిషిది. రేపు ఈ కారు అమ్మి ఇంకోటి కొన్నా మీ వెంట వస్తుంది. అందుకే చిన్న గీతకు క్లెయిము వేయించే గ్యారేజీవాడి మాట వినేముందు లెక్క వేసుకోండి.

కంపెనీ క్లెయిము ఇవ్వకపోతే ముందు వాళ్ళకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెల చూడండి. తర్వాత ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. తమిళనాడుకు, పుదుచ్చేరికి, కారైకాలుకు చెన్నై ఆఫీసు. యానాం సభ్యులు గమనించండి, మీరు పుదుచ్చేరి కింద ఉన్నా ఈ విషయంలో మీకు హైదరాబాదు. కర్ణాటక వాళ్ళకు బెంగళూరు, ఒడిశా వాళ్ళకు భువనేశ్వర్.

ఫోన్ నంబర్ల పట్టిక సంగతి ఒక్క మాట. అందులో విధవరాళ్ళ నంబర్లు ఉన్నాయి, కాలేజీ పిల్లల నంబర్లు ఉన్నాయి. పెళ్ళి సంబంధాలకని, చావు కబుర్లకని ఇచ్చిన నంబర్లు అవి. పందిరి ఖర్చుకు అమ్మడానికి ఇచ్చినవి కావు. మా నలుగురి నంబర్లు ఇవ్వకూడదని కార్యదర్శిగారికి నిన్న ఉత్తరం ఇచ్చాం, రసీదు కూడా తీసుకున్నాం. రైల్వే అలవాటు.

వచ్చే ఆదివారం పదిగంటలకు సర్వసభ్య సమావేశం. తీర్మానం ఓటుకు వస్తే మేము చేయి ఎత్తేది వ్యతిరేకానికే. తొమ్మిదింటికే హాలు వరండాలో బల్ల వేసుకొని కూర్చుంటాం. కారు ఉన్నవాళ్ళు మీ పాలసీ జెరాక్సు తెండి, కొనబోయేవాళ్ళు షోరూము ఇచ్చిన కొటేషను తెండి. పాలసీ ఇంగ్లీషులో ఉంటుంది కదా అని భయపడకండి. మా మేనల్లుడు వస్తాడు, వాడు చదివి చెప్తాడు. ఇంజను పోయాక వాడికి ప్రతి పేజీ కంఠతా వచ్చేసింది.