ఎండకూ రంగుకూ ముడిపెట్టిన వ్యాపారం

చాలా ఏళ్ల క్రితం ఒక బస్సు డ్రైవరు నా వద్దకు వచ్చాడు. యాభై దాటిన మనిషి. అతని కుడి చెంప ఎడమ చెంప కంటె నల్లబడి, మందమై, కంటి కొసన ముడుతలు పడి ఉంది. తామర కాదని తేల్చుకొని, "ఎండ తగిలింది, మన చర్మానికి ఇదొక లెక్క కాదు" అని పంపించాను. గుమ్మం దాటబోతూ అతడు, "నేను అద్దం వేసుకునే నడుపుతానండీ, ఎండ తగిలేదెక్కడ?" అన్నాడు. నేను బదులు చెప్పలేదు. బదులు నేను చదువుకొన్న పుస్తకాలలోనే ఉంది. దానిని అతని చెంపతో జోడించి చూడలేకపోయాను.

2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక ఛాయాచిత్రం వెలువడింది. 28 ఏళ్లు సరుకుల లారీ నడిపిన 69 ఏళ్ల అమెరికనుది. అతని ముఖంలో ఎడమ భాగం కుడి భాగం కంటె ఇరవై ఏళ్లు ముసలిదిగా కనబడుతుంది. అక్కడ డ్రైవరు కూర్చునేది ఎడమ పక్కన, ఇక్కడ కుడి పక్కన. ఆ చిత్రం చూసిననాడు నా డ్రైవరు గుర్తుకు వచ్చాడు. అప్పటికి చాలా ఆలస్యమయింది.

సూర్యుని నుండి వచ్చే అతినీలలోహిత కిరణాలు ఒకే జాతివి కావు. 315 నుండి 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గలవి యూవీఏ, 280 నుండి 315 వరకు యూవీబీ, అంతకు తక్కువవి యూవీసీ. యూవీసీని ఓజోను పొర పూర్తిగా పీల్చుకొంటుంది కనుక ఎండలో దాని భయం లేదు. (కరోనా కాలంలో యూవీసీ దీపాలను కొని, చేతులను వాటి కింద పెట్టుకొన్నవారు అది లేని చోటికి దానిని తామే తెచ్చుకొన్నారు.) యూవీబీలో కూడా అధిక భాగం ఓజోను వద్దనే ఆగిపోతుంది. నేలకు చేరే అతినీలలోహితంలో నూటికి తొంభై అయిదు పాళ్లు యూవీఏ.

ఈ రెండింటి పనులు వేరు. యూవీబీ పైచర్మంలోనే ఆగి, కణాలలోని డీఎన్ఏను నేరుగా దెబ్బ తీస్తుంది. ఎర్రగా కమిలి మండేది ప్రధానంగా దాని వల్లనే. చర్మంలో విటమిన్ డి తయారుచేసేది కూడా అదే. యూవీఏ మంట పెట్టదు, హెచ్చరించదు. లోపలి చర్మం దాకా దిగి, చర్మాన్ని బిగువుగా పట్టి ఉంచే కొల్లాజెన్ పోగులను ఏళ్ల తరబడి తినివేస్తుంది, మంగు మచ్చలను ముదురుస్తుంది. మామూలు కిటికీ అద్దం యూవీబీని ఆపుతుంది, యూవీఏను చాలా వరకు పోనిస్తుంది. అంటే అద్దం వెనుక కూర్చున్నవారికి ఎండ వల్ల కలిగే మేలు పోయి, కీడు మాత్రం మిగులుతుంది. నా డ్రైవరు ప్రశ్నకు బదులు ఇంతే.

ఇప్పుడు అంగడిలో అమ్మే ట్యూబును చేతిలోకి తీసుకొనండి. దానిపై పెద్ద అక్షరాలలో ఎస్పీఎఫ్ 30, ఎస్పీఎఫ్ 50 అని ఉంటుంది. ఆ అంకె చర్మం కమిలిపోవడాన్ని కొలిచి వేసినది కనుక ముఖ్యంగా యూవీబీ సంగతే చెబుతుంది. యూవీఏ సంగతి చెప్పేది "పీఏ" అక్షరాల పక్కన ఉండే కూడిక గుర్తులు, లేదా "బ్రాడ్ స్పెక్ట్రమ్" అన్న చిన్న మాట. అంకె ఎంత పెద్దదయినా ఈ రెండింటిలో ఒకటి లేకపోతే ఆ డబ్బు సగం దండుగ. ముప్పై అంకె గలది కమిలించే కిరణాలలో సుమారు 97 శాతాన్ని ఆపితే, యాభై గలది 98 శాతాన్ని ఆపుతుంది. అదయినా చదరపు సెంటీమీటరుకు రెండు మిల్లీగ్రాముల చొప్పున దట్టంగా పూసి పరీక్షించిన లెక్క. మన ఇళ్లలో శనగగింజంత తీసి ముఖమంతా పులుముకొంటారు. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ల పొడవునా పిండితేగాని పెట్టె మీద రాసిన రక్షణ రాదు.

అయినా నా అసలు తగవు అంకెలతో కాదు. ఈ దేశంలో ఎండ నుండి రక్షణ అన్న వైద్య విషయాన్ని తెల్లదనం అన్న సరుకుగా మార్చివేశారు. ప్రకటనలో అమ్మాయి ఎండలోకి వస్తుంది, నల్లబడుతుంది, పెళ్లి తప్పిపోతుంది, క్రీము రాసుకొంటుంది, తెల్లబడుతుంది. 2020లో 'ఫెయిర్ అండ్ లవ్లీ' తన పేరును 'గ్లో అండ్ లవ్లీ'గా మార్చుకొంది. పేరు మారింది గాని, ఆ పేరు దశాబ్దాలుగా నాటిన భయం మన ఇళ్లలో నుండి పోలేదు. ఆ భయంతోనే ఆడపిల్లలు చీటీ లేకుండా స్టిరాయిడు కలిసిన క్రీములు కొని నెలల తరబడి ముఖానికి రాసుకొంటారు. చర్మం పలచబడి, ఎర్రబడి, చివరకు ఎండపొడ సోకితేనే భగ్గుమనే స్థితికి వస్తుంది. ఎండ నుండి కాపాడుతుందని కొన్నది ఎండకు ఓర్వలేని చర్మాన్ని మిగిల్చింది. అటువంటి ముఖాలను నేను ఎన్నో చూశాను. ఇరవై ఏళ్ల పిల్ల చున్నీ తీయకుండా నా ఎదుట కూర్చుని ఏడుస్తుంటే, నల్లరంగు జబ్బు కాదమ్మా అని చెప్పడానికి అప్పటికి ప్రయోజనం లేదు.

ఈ భయాన్నే మరొక వేషంలో క్యాన్సరు పేరిట అమ్ముతున్నారు. ఆస్ట్రేలియాలో తెల్లచర్మం వారికి ఇచ్చే హెచ్చరికను తర్జుమా చేసి మనకు వినిపిస్తారు. మన చర్మంలోని మెలనిన్ సహజమైన గొడుగు. చర్మ క్యాన్సర్లు వారితో పోలిస్తే మనలో చాలా తక్కువ. అట్లాగని "మనకేమీ కాదు" అనడం కూడా తప్పే. నేను చేసిన తప్పు అదే. మంగు మచ్చలు గలవారికి, లూపస్ రోగులకు, పుట్టుకతో చర్మంలో రంగు లేనివారికి, డాక్సీసైక్లిన్ వంటి మాత్రలు మింగుతున్నవారికి, రక్తపోటుకు హైడ్రోక్లోరోథయజైడ్ వాడుతున్నవారికి ఎండ కాపుదల అలంకారం కాదు, వైద్యం. మీకు ఆ మాత్రలు రాసిన వైద్యుడు ఎండ మాట ఎత్తకపోతే మీరే అడగండి.

రెండవ వైపు నష్టమూ చెప్పాలి. నల్లబడతామన్న భయంతో నిలువెల్లా కప్పుకొని తిరిగేవారికి యూవీబీ అందదు, విటమిన్ డి తయారు కాదు. ఉదయపు లేత ఎండ మంచిదని మన పెద్దల మాట. సుఖంగా ఉంటుంది, నిజమే. అయితే సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు యూవీబీ నేలకు చేరడం చాలా తక్కువ. నడిమధ్యాహ్నం చేతులూ కాళ్లూ తగిలేటట్లు కొద్ది నిమిషాలు నిలబడితే వచ్చేది ఆ లేత ఎండలో గంట కూర్చున్నా రాదు. ఇదే యూవీబీలో 311 నానోమీటర్ల సన్నని పాయను ఎన్నుకొని బొల్లికి చికిత్స చేస్తున్నాము. ఎంత, ఎవరికి, ఏ కిరణం అన్నదే ప్రశ్న. ట్యూబులు అమ్మేవాడికి ఈ ప్రశ్న అక్కరలేదు.

మరొక పొరపాటు మన అలవాటులోనే ఉంది. ఎండ అంటే మనకు వేడి. చర్మానికి వేడిగా తోచేది ముఖ్యంగా పరారుణ కిరణాలు, కంటికి కనిపించే వెలుగు. అతినీలలోహితం ఎక్కువయినదీ తక్కువయినదీ మనకు తెలియదు. అది నడినెత్తిన సూర్యుడున్నప్పుడు పతాక స్థాయిలో ఉంటుంది, వడ మాత్రం రెండు మూడు గంటల వేళ ముదురుతుంది. అరకు చలిలోనూ, మబ్బు పట్టిన రోజునూ అది ఉండనే ఉంటుంది. మన వేసవి మధ్యాహ్నాలలో యూవీ సూచిక 11 దాటడం మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కొలమానంలో అది అన్నిటికంటె పై మెట్టు.

ఆ మెట్టు మీద రోజంతా నిలబడేవారు ప్రకటనలలో కనబడరు. కూడలిలోని ట్రాఫిక్ కానిస్టేబులు, ఉప్పుమళ్లలో పనిచేసేవారు, సముద్రం మీది పల్లెకారులు, మే నెలలో చెరువు పూడిక తీసే కూలీలు ఏ ట్యూబుకూ గిరాకీ కారు. రెండు గంటలకొకమారు రాసుకోవలసిన ఆ మందు కొంటే వారి కూలి డబ్బులలో ఏం మిగులుతుంది? వారికి కావలసినది నీడ, పని వేళల మార్పు. 2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టం పనిచోట తాగునీరు, నీడ, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలని స్పష్టంగా రాసింది. నేను చూసిన పనిచోట్లలో నీడ అంటే దగ్గరలో ఉన్న తుమ్మచెట్టు. అదీ ఉంటేనే.

మిరప కోతకు వెళ్లే స్త్రీలను ఎప్పుడైనా గమనించండి. చీర మీద ఇంటాయన పాత ఫుల్ చేతుల చొక్కా తొడుక్కొని, తలకు తువ్వాలు చుట్టుకొని ఉంటారు. బిగువుగా నేసిన ముదురు రంగు చొక్కా యూవీఏనూ యూవీబీనూ రెండింటినీ ఆపుతుంది. చెమటకు కారిపోదు, రెండు గంటలకొకమారు మళ్లీ రాసుకోనక్కరలేదు. ఆనాడు నా డ్రైవరుకు కూడా కుడి చేతికి పొడుగు చేతుల చొక్కా వేసుకొమ్మనీ, పక్క అద్దానికి ఒక గుడ్డ తెర కట్టుకొమ్మనీ చెప్పి ఉండవచ్చు. దానికి పైసా ఖర్చు లేదు.