పిల్లలకి కమాను కొంటున్నారా?

మన బడికి వచ్చే పిల్లల్లో ఫిడేలు నేర్చుకునేవాళ్ళు తక్కువేమీ కాదు. తెలుగు క్లాసు అవగానే అటునుంచి అటే సంగీతం క్లాసు. రెండు మూడేళ్ళు సాధన చేసేసరికి "ఇక మంచి కమాను కొనండి" అంటారు. మంచి కమాను అంటే పెర్నాంబుకో కర్రతో చేసినదేనని పేరు. ఆ కర్రతో చేసిన కొత్త కమాను పిల్లలకి కొనవద్దని నా అభిప్రాయం.

పెర్నాంబుకో బ్రెజిల్ తూర్పు తీరపు వాన అడవుల్లో మాత్రమే సహజంగా పెరిగే చెట్టు. మన చింత, కంది, చిక్కుడు కుటుంబమే. మాను మీద ముళ్ళు, పసుప్పచ్చ పూలు, లోపల ఎర్రని చేవ. 1500లో పోర్చుగీసువాళ్ళు అక్కడ దిగాక, ఎర్ర రంగు కోసం ఈ చేవని ఓడల కొద్దీ యూరప్‌కి తరలించారు. ఆ దేశానికి పేరొచ్చింది కూడా ఈ చెట్టు వల్లే. తమాషా ఏమిటంటే, అంతకు ముందు 'బ్రెజిల్' అన్న మాట ఆసియా నుంచి వెళ్ళే రంగుచెక్కది. కేరళ హోటళ్ళలో గులాబి రంగు మంచినీళ్ళు ఇస్తారే, ఆ పతిముగం చెక్కే అది!

19వ శతాబ్దంలో రసాయన రంగులొచ్చి ఆ బేరం పడిపోయింది. కానీ అప్పటికే పారిస్‌లో ఫ్రాన్స్వా తూర్త్ ఈ కర్రతో చేసిన కమానులే అందరికీ కొలబద్ద అయ్యాయి. అడవి మాత్రం చెరకు తోటలకీ, ఊళ్ళకీ చాలా భాగం పోయింది. 1978లో బ్రెజిల్ దీన్ని జాతీయ వృక్షంగా ప్రకటించింది. 2007లో అంతర్జాతీయ వ్యాపారంపై ఆంక్షలు వచ్చాయి, 2022లో అవి ఇంకా బిగిశాయి.

ఒక్క కమానుకి పట్టే కర్ర ఎంత అని అడగవచ్చు. నిజమే, అడవిని నరికింది ఫిడేలు ఒక్కటే కాదు. కానీ మన శేషాచలం ఎర్రచందనం సంగతి చూడండి. అదీ ఇదే కుటుంబం. దాన్నుంచీ ఎర్ర రంగు తీస్తారు. జపాన్‌లో షామిసెన్ అనే తంత్రీ వాద్యానికీ వాడతారు. దాన్ని వాయించే కళాకారుణ్ణి ఎవరూ దొంగ అనరు. అయినా దుంగల లారీ పట్టుబడిందని పేపర్లో చదివితే మనకి కడుపు మండదూ? బ్రెజిల్ వాళ్ళకీ అంతే.

ఇప్పుడు కార్బన్ ఫైబర్ కమానులు బాగానే వస్తున్నాయి. చలికీ, ఉక్కకీ, ముఖ్యంగా పిల్లల చేతికీ తట్టుకుంటాయి. కచేరీ స్థాయికి చేరితే అప్పుడు చూసుకోవచ్చు, అప్పుడైనా పాతది కొనండి. ఇంట్లో ఇప్పటికే పెర్నాంబుకో ఉంటే పారేయకండి. వాయించాక వెంట్రుకలు వదులు చేసి పెడితే తరాల పాటు వస్తుంది. దానితో ఇండియా వెళ్తుంటే కాగితాలేమైనా కావాలేమో ముందే కనుక్కోండి. కొత్తది కొనేటప్పుడు మాత్రం ఏ కర్ర, ఎక్కడిది అని అడగండి. దుకాణదారు నీళ్ళు నమిలితే ఇంకో దుకాణం చూసుకోండి.