స్విచ్ 2 ‘ప్రో’ కోసం ఆగుతున్నారా? ముందు బ్యాటరీ లెక్క చూడండి

‘స్విచ్ 2 ఇప్పుడే కొనేయాలా, ప్రో మోడల్ వచ్చేదాకా ఆగాలా?’ గేమింగ్ గురించి నాలుగు ముక్కలు తెలిసినవాళ్లు కనిపిస్తే చాలు, కుర్రాళ్లు అడిగే మొదటి ప్రశ్న ఇదే. అడిగేవాళ్లలో చాలామంది మొదటి జీతంలోంచో, ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌లోంచో దాచుకుంటున్నవాళ్లు. కాబట్టి సరదా ప్రశ్న అని కొట్టిపారేయలేం. నింటెండో మన దేశంలో ఈ కన్సోల్‌ను నేరుగా అమ్మడం లేదు. అమెరికాలో 2025 జూన్ 5న 449.99 డాలర్లకు విడుదలైన పెట్టె, దిగుమతిదారు చేతుల మీదుగా మన దగ్గరికొచ్చేసరికి ధర బాగానే పెరుగుతుంది. చెడిపోతే పట్టుకెళ్లడానికి కంపెనీ సర్వీస్ సెంటర్ కూడా ఉండదు. అంత పోసి కొన్న నాలుగు నెలలకే కొత్త మోడల్ వస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది.

ఆ భయం మీదే బోలెడు యూట్యూబ్ చానళ్లు నడుస్తున్నాయి. ‘స్విచ్ 2 ప్రో లీక్’ అని ఎర్రక్షరాల థంబ్‌నెయిల్, లోపల ఎవరో గీసిన ఊహాచిత్రం, పది నిమిషాల సాగదీత. ఇలాంటివి చూడొద్దని చెప్పను, నేనూ చూస్తాను. కానీ అంచనా కట్టడానికి ఇంతకంటే మంచి పద్ధతి ఉంది. మీ బీటెక్ రెండో ఏడాది ఎలక్ట్రానిక్స్ పుస్తకం, ఓ క్యాలిక్యులేటర్ చాలు.

నా అంచనా ముందే చెప్పేస్తాను. స్విచ్ 2కి కొత్త రూపం తప్పకుండా వస్తుంది. అది వేగం పెంచడానికి మాత్రం రాదు. ఆటలు అంతే వేగంతో ఆడతాయి, బ్యాటరీ కథ మారుతుంది.

ఎందుకంటారా? పాత స్విచ్ సంగతి చూద్దాం. అది 2017 మార్చి 3న వచ్చింది. బ్యాటరీ 4,310 ఎంఏహెచ్. ఆటను బట్టి రెండున్నర నుంచి ఆరున్నర గంటలు వస్తుందని కంపెనీ చెప్పింది. 2019 ఆగస్టులో అదే పేరుతో, అదే ధరకు, అదే ఆకారంలో ఇంకో పెట్టె దుకాణాల్లోకి దిగింది. అట్టపెట్టె అంతా ఎర్రగా ఉండటం తప్ప పైకి తేడా లేదు. ఇది నాలుగున్నర నుంచి తొమ్మిది గంటలు వస్తుందన్నారు. ‘బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’ ఒక్కటే తీసుకుంటే మూడు గంటల నుంచి ఐదున్నర గంటలకు పెరిగింది. తమాషా ఏమిటంటే బ్యాటరీ మారలేదు. అదే 4,310.

ఇప్పుడు క్యాలిక్యులేటర్ తీయండి. ఆ బ్యాటరీలో ఉండేది సుమారు 16 వాట్-అవర్లు. దాన్ని 2.5తో భాగిస్తే 6.4 వాట్లు. 4.5తో భాగిస్తే దాదాపు 3.6 వాట్లు. అంటే స్క్రీన్, వైఫై, స్పీకర్లు అన్నీ కలిపి మొత్తం యంత్రం తాగే కరెంటు నలభై శాతానికి పైగా తగ్గిపోయింది. స్క్రీన్ సైజు అదే, ఆటలూ అవే. మరి ఎక్కడ తగ్గినట్టు?

ప్రధానంగా చిప్‌లో. మొదటి స్విచ్‌లోని ఎన్విడియా టెగ్రా ఎక్స్1ను 20 నానోమీటర్ పద్ధతిలో తయారు చేశారు. ఆ తరం ట్రాన్సిస్టర్లు చదునుగా ఉండేవి. ఆపేసినా కొంత కరెంటు కారుతూనే ఉండేది, వాషర్ అరిగిపోయిన కుళాయిలా. 2019 చిప్‌ను 16 నానోమీటర్ పద్ధతికి మార్చారు. అక్కడ ఫిన్‌ఫెట్ వచ్చింది. చేప రెక్కలా నిలబడిన సన్నటి సిలికాన్ గోడను గేటు మూడు వైపుల నుంచి పట్టుకుంటుంది. కారడం తగ్గింది, అదే పని తక్కువ వోల్టేజీతో అయింది. డైనమిక్ పవర్ సూత్రం గుర్తుందా? కెపాసిటెన్స్ ఇంటూ వోల్టేజీ స్క్వేర్ ఇంటూ ఫ్రీక్వెన్సీ. వోల్టేజీ పది శాతం తగ్గిస్తే పవర్ పంతొమ్మిది శాతం తగ్గుతుంది. పరీక్షలో రెండు మార్కుల కోసం బట్టీ పట్టిన ఆ ‘స్క్వేర్’ విలువ ఇక్కడ తెలుస్తుంది. ర్యామ్‌ను కూడా తక్కువ వోల్టేజీతో నడిచే రకానికి మార్చారు.

అసలు గమనించాల్సింది ఆ తర్వాత. కొత్త చిప్‌ను ఇంకా వేగంగా నడపగలిగే వీలుంది. సొంతంగా మార్పులు చేసుకునే ఔత్సాహికులు నడిపి చూపించారు కూడా. నింటెండో మాత్రం పాత వేగాలనే ఉంచింది. మిగిలిన లాభమంతా బ్యాటరీకే ఇచ్చింది. 2021 అక్టోబరు 8న వచ్చిన ఓలెడ్ మోడల్‌లోనూ అదే చిప్, అదే వేగం. 7 అంగుళాల మంచి స్క్రీన్, 64 జీబీ స్టోరేజీ, డాక్‌కు ల్యాన్ పోర్టు, వెనక వెడల్పాటి స్టాండు. దాని ముందు జరిగిన హడావుడి మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఆ ఏడాది మార్చిలో బ్లూంబర్గ్ రెండు మాటలు రాసింది: సామ్‌సంగ్ ఓలెడ్ తెర వస్తోంది, టీవీకి కలిపితే 4కె వస్తుంది. జులైలో ప్రకటన వచ్చేసరికి తెర నిజమైంది, 4కె కాలేదు. ఆ 4కె కోసం ఆగినవాళ్లు మరో నాలుగేళ్లు ఆగాల్సి వచ్చింది.

సరే, ఇప్పుడు స్విచ్ 2. బ్యాటరీ 5,220 ఎంఏహెచ్, సుమారు 20 వాట్-అవర్లు. కంపెనీ లెక్కలో రెండు నుంచి ఆరున్నర గంటలు. భారీ ఆట ఆడితే రెండు గంటలే, అంటే దాదాపు 10 వాట్లు. 2017 నాటి మొదటి స్విచ్ కంటే కనిష్ఠ సమయం అరగంట తక్కువ! 7.9 అంగుళాల తెర, సెకనుకు 120 ఫ్రేములు, 12 జీబీ ర్యామ్... ఇవన్నీ ఊరికే రావు కదా.

ఈ చిప్ రెండు వేగాలతో బతుకుతుంది. టీవీకి కలిపి డాక్‌లో పెడితే గ్రాఫిక్స్ భాగం 1,007 మెగాహెర్ట్జ్‌తో, చేతిలో ఉంటే 561తో నడుస్తుంది. ఎందుకంత తగ్గిస్తారు? చేతిలో ఉన్న పెట్టెలోంచి వేడి బయటికి పోవాలి, బ్యాటరీ రెండు గంటలైనా నిలవాలి. డాక్‌లో కరెంటు గోడ నుంచి వస్తుంది. కాబట్టి హైబ్రిడ్ కన్సోల్‌కు అసలు గొంతు నొక్కేది చేతిలో ఆడే ఆ సగం. ప్లేస్టేషన్‌కు ‘ప్రో’ తేవడం దీంతో పోలిస్తే సులువు. పెద్ద పెట్టె, పెద్ద ఫ్యాను, పెద్ద పవర్ సప్లై పెడితే సరిపోతుంది. బ్యాటరీ అన్న మాటే లేదు.

ఇక్కడ చాలామంది అభిమానులు చేసే పొరపాటు ఒకటుంది. ‘2019లో జరిగినట్టే చిప్ చిన్నది చేస్తారు, బ్యాటరీ రెట్టింపవుతుంది’ అంటారు. నేను ఒప్పుకోను. 20 నుంచి 16కు మారడం అదృష్టం కలిసొచ్చిన సందర్భం. చదును ట్రాన్సిస్టర్ నుంచి ఫిన్‌ఫెట్‌కు ఒక్కసారే దూకడం అది. పైగా టీఎస్ఎంసీ 16 నానోమీటర్ పద్ధతిలో పైనుండే లోహపు తీగల పొరలు దాదాపు 20లో ఉన్నవే. స్విచ్ 2 చిప్ ఫొటోలు పరిశీలించినవాళ్లు అది సామ్‌సంగ్ 8 నానోమీటర్ కుటుంబానికి చెందిందంటున్నారు. అది ఇప్పటికే ఫిన్‌ఫెట్. 5 లేదా 4 నానోమీటర్‌కు వెళితే లాభం ఉంటుంది, కానీ 2019 నాటి మాయాజాలం ఉండదు. ఆ మారడం కూడా ఫొటో జూమ్ తగ్గించినంత తేలిక కాదు. కోట్ల సంఖ్యలో గేట్లను మళ్లీ పేర్చాలి, తీగలు మళ్లీ లాగాలి, టైమింగ్ మళ్లీ సరిచూడాలి, కొత్త మాస్కులు చేయించాలి. ఆ ఖర్చు కోట్ల కన్సోళ్ల మీద పంచుకుంటేనే గిట్టుబాటు. స్విచ్ 2 మొదటి నాలుగు రోజుల్లోనే 35 లక్షలకు పైగా అమ్ముడైంది, కాబట్టి పంచుకోవడానికి సంఖ్య ఉంది. అందుకే చిప్ మారుతుందనే అనుకుంటున్నాను. మారితే భారీ ఆటలకు రెండు గంటలు మూడు గంటలవుతుందేమో. నాలుగున్నర అని ఎవరైనా చెబితే నమ్మకండి.

చిప్ సంగతి ఊహ. బ్యాటరీ సంగతిలో చట్టం ఉంది. యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన బ్యాటరీ నిబంధన ప్రకారం, 2027 ఫిబ్రవరి 18 నుంచి అక్కడి మార్కెట్లోకి వచ్చే చేతి పరికరాల్లో బ్యాటరీని వాడేవాళ్లే తీసి మార్చుకునేలా ఉండాలి. మామూలుగా దొరికే పనిముట్లు సరిపోవాలి, వేడి చేసో, ద్రావకం పోసో ఊడదీయాల్సిన పరిస్థితి ఉండకూడదు. కొన్ని మినహాయింపులున్నాయి గానీ సూత్రం ఇది. మరి స్విచ్ 2లో బ్యాటరీ? జిగురుతో బలంగా అంటించారు. విప్పి చూసే ఐఫిక్సిట్ వాళ్లు మరమ్మతు సౌలభ్యానికి పదికి మూడు మార్కులిచ్చారు. ఇలాగే వదిలేస్తే యూరప్‌లో అమ్మకం చిక్కుల్లో పడుతుంది.

అందుకని నా పందెం ఈ తేదీ మీద. లోపలి అమరిక మార్చిన స్విచ్ 2, 2027 ఫిబ్రవరికి అటూఇటూగా కనిపించాలి. యూరప్‌కు ఒకటి, మిగతా లోకానికి ఒకటి చేస్తారా, అందరికీ ఒకటేనా? ఫోన్ల అనుభవం చూస్తే రెండోదానికే నా ఓటు. టైప్-సి చార్జర్ నిబంధన యూరప్‌ది. ఆపిల్ 2023 సెప్టెంబరులో ఐఫోన్ 15తో ప్రపంచమంతటా మార్చేసింది. రెండు రకాల ఉత్పత్తి లైన్లు నడపడం ఎవరికీ ఇష్టం ఉండదు.

నిజానికి ఈ మార్పు వల్ల యూరప్ వాళ్లకంటే మనకే ఎక్కువ లాభం. అక్కడ సర్వీస్ సెంటర్ ఉంది. ఇక్కడ మూడేళ్ల తర్వాత బ్యాటరీ నీరసిస్తే మొబైల్ రిపేరు షాపులో హీట్ గన్‌తో జిగురు కరిగించి, ఉబ్బిన బ్యాటరీని గీకి తీయించుకోవడమే గతి. నాలుగు స్క్రూలు విప్పి బ్యాటరీ మార్చుకోగలిగితే మన దగ్గర ఆ కన్సోల్ ఆయుష్షు రెట్టింపైనట్టే. ‘ప్రో లీక్’ వీడియోల్లో ఈ ముక్క పెద్దగా వినబడదు. స్క్రూలకు థంబ్‌నెయిల్ పెడితే ఎవరు నొక్కుతారు!

పోనీ, ప్రో అసలు రానే రాదా? నింటెండో ఒకసారి ప్రయత్నించింది. 2014లో జపాన్‌లో ‘న్యూ 3డీఎస్’ తెచ్చింది, అందులో ప్రాసెసర్ వేగం నిజంగానే పెంచింది. దానికి మాత్రమే వచ్చిన ఆటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు, ‘జెనోబ్లేడ్ క్రానికల్స్ 3డీ’ లాంటివి. ఆట తయారుచేసేవాళ్ల వైపు నుంచి ఆలోచించండి. కోట్ల మంది దగ్గర పాత పెట్టె ఉంటే, కొన్ని లక్షల మంది కోసం వేరే ఆట ఎవరు రాస్తారు? స్విచ్ 2లో డీఎల్ఎస్ఎస్ కూడా ఉంది. చిన్న చిత్రాన్ని తీసుకుని పెద్దదిగా ఊహించి గీసే పద్ధతి అది. ముడి వేగం పెంచకుండానే చిత్రం మెరుగుపరచుకునే దారి ఇప్పటికే తెరిచి ఉందన్నమాట.

ఓలెడ్ తెర వస్తుందా అంటే, ఎప్పుడో వస్తుంది. ఇప్పటి ఎల్సీడీ స్పందన నెమ్మదని సమీక్షకులు కొలిచి మరీ చెప్పారు. ధర తగ్గుతుందన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. 2025 ఆగస్టులో అమెరికాలో ఎనిమిదేళ్ల పాత స్విచ్ ధరే పెంచారు, ఓలెడ్ మోడల్ 349.99 నుంచి 399.99 డాలర్లయింది. ఆ ఏడాది చివరికి ఏఐ సర్వర్ల గిరాకీతో మెమొరీ ధరలు కూడా ఎగబాకాయి. 12 జీబీ ర్యామ్ ఉన్న పెట్టె చవకవడానికి ఇది మంచి కాలం కాదు.

ఈ పేజీ చదివే ఈసీఈ, ఈఈఈ విద్యార్థులకు ఓ మాట. ఎన్ని టెరాఫ్లాప్స్ అని మీ స్నేహితుల్లో ఎవరిని అడిగినా తడుముకోకుండా చెబుతారు. ఎన్ని వాట్లు అని అడిగితే నీళ్లు నములుతారు. హైదరాబాద్‌లో చిప్ డిజైన్ ఉద్యోగాల్లో పెద్ద భాగం ఆ రెండో ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. ఫిజికల్ డిజైన్, టైమింగ్ అనాలిసిస్, లో పవర్ వెరిఫికేషన్ అంటే ఇదే పని. ఎన్విడియాకు ఇక్కడ ఆఫీసుంది, అలాంటివి ఇంకా చాలా ఉన్నాయి. ఇంటర్వ్యూలో ‘ఒక చిప్‌ను చిన్న నోడ్‌కు మారిస్తే ఏం లాభం, ఏం నష్టం’ అని అడిగితే, పుస్తకం నిర్వచనం అప్పజెప్పే బదులు 2019 స్విచ్ కథ చెప్పండి. 6.4 వాట్లు 3.6 ఎలా అయిందో బోర్డు మీద లెక్క వేసి చూపించండి.

ఇక కొనాలా ఆగాలా? వేగం కోసమైతే ఆగడం దండగ. ఈ సెలవుల్లో ఆడాలనుకున్న ఆట ఉంటే కొనేసుకోండి. రోజూ బస్సులో, హాస్టల్ మంచం మీద చార్జర్‌కు దూరంగా ఆడేవాళ్లయితే, పాత ల్యాప్‌టాప్‌తో ఇంకొన్నాళ్లు నెట్టుకురాగలిగితే, 2027 వేసవి దాకా ఆగమంటాను. అప్పుడైనా దుకాణదారు మాట నమ్మి పెట్టె పుచ్చుకోకండి. 2019లో పాత సరుకు, కొత్త సరుకు ఒకే కౌంటర్ మీద పక్కపక్కనే అమ్ముడయ్యాయి. తేడా చెప్పింది మోడల్ నంబరే. పాతది హెచ్ఏసీ-001, కొత్తది దాని పక్కన బ్రాకెట్లో -01. ఇప్పటి స్విచ్ 2 మీద బీఈఈ-001 అని ఉంటుంది. డబ్బు ఇచ్చేముందు పెట్టె తిప్పి, ఆ అంకెల పక్కన కొత్తగా ఏమైనా చేరిందేమో చూడండి.