బోనులోని కోతికి కొండ యెక్కడిది?

సంపాదక మహాశయా,

యాగంటి ఉమామహేశ్వరుని దర్శించుటకు వచ్చు యాత్రికులు కోతి కనబడగానే పిల్లలను దగ్గరకు లాగుకొనుట నేను తరచుగా చూచుచుందును. కోతి కరచునన్న భయము సహేతుకమే. కాని మనవలన కోతికి వాటిల్లు అపాయమును తలంచువారు అరుదు. జంతుప్రదర్శనశాలలయందు ఆ తలంపు లేకపోవుట ప్రాణాంతకము కాగలదు.

న్యుమోకాకస్ అను బాక్టీరియా మన ముక్కులోను గొంతులోను, విశేషించి పసిపిల్లలలో, ఏ బాధయు కలిగింపకయే కాపురముండును. దగ్గు తుమ్ముల తుంపరలతో వెలువడి అది వానరమునకు సోకి, చెవినుండి గాని నెత్తురుద్వారా గాని మెదడును కప్పియున్న పొరలను చేరి వాచజేసినచో, దానినే వైద్యులు మెనింజైటిస్ అందురు. జ్వరము, మెడ బిగియుట, మూర్ఛ, పిదప స్పృహ తప్పుట దాని క్రమము. పెన్సిలిన్ జాతి మందులు తగిన వేళకు పడినచో ప్రాణము నిలువవచ్చును. అయితే వానరములు తమ నలతను దాచుకొను స్వభావము కలవి గనుక, కాపరి కనిపెట్టునప్పటికే ఆ వేళ మించిపోవుట కద్దు.

ఇది ఊహాజనితమైన భయము కాదు. ఐవరీ కోస్టులోని టాయ్ అడవిలో 1999, 2004, 2006 సంవత్సరములలో చింపాంజీలు శ్వాసవ్యాధులతో మరణింపగా, మనుష్యులనుండి వచ్చిన వైరసులకు న్యుమోకాకస్ తోడైనట్లు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. వానిని ప్రేమించి పరిశీలింపబోయినవారే ఆనాటినుండి ముఖమునకు మాస్కు ధరించి దూరముగా నిలువవలసివచ్చెను. మన హైదరాబాదు నెహ్రూ జంతుప్రదర్శనశాలలో 2021 మే నెలలో 8 ఆసియా సింహములకు కోవిడ్ సోకినట్లు సి.సి.ఎం.బి. పరిశోధనసంస్థ పరీక్షలలో తేలిన సంగతి పాఠకులకు జ్ఞాపకముండును. సింహమునకే మన జబ్బు అంటినప్పుడు, దేహనిర్మాణమున మనకు మిక్కిలి చేరువైన వానరముల మాట చెప్పనేల?

మా యాగంటి కోతి మనుష్యుని సామీప్యము సహింపనినాడు కొండయెక్కి పోగలదు. బోనులోని కోతికి ఆ కొండ లేదు; ఎదుట నిలిచి దగ్గువానినుండి తొలగిపోవు స్వేచ్ఛను మనమే హరించితిమి గావున, దానిని కాపాడు భారమును మనదే.

వన్యప్రాణి సంరక్షణ చట్టములోని 38-జె నిబంధన జంతుప్రదర్శనశాలలో మృగములకు సందర్శకులు మేత పెట్టుటను నిషేధించినది. అయినను ఎంగిలి అరటిపండును కమ్ములలోనికి విసరు చేతులు ఆగలేదు. వానరముల యెదుట ఇనుపకమ్ములకు మారుగా దళసరి అద్దములు నిలుపవలెను. అద్దము వేడుకను చెరచునను వాదము నిలువదు. కమ్ములకంటె అద్దముచెంతనే పిల్లలు మరింత దగ్గరగా చూడగలరు. అన్నిటికంటె ముఖ్యముగా, జలుబు దగ్గులతో బాధపడు కాపరికి జీతము కోయక సెలవు ఇయ్యవలెను. కూలి పోవునన్న భయముననే కదా అతడు రోగమును దాచి బోనులో అడుగిడును! ఈ ఖర్చును రాబోవు బడ్జెట్టులోనే చేర్చవలసినదిగా ఉభయ తెలుగు రాష్ట్రముల అటవీశాఖలను మీ పత్రికాముఖమున అర్థించుచున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
యాగంటి, నంద్యాల జిల్లా